డిగ్రీ తరగతిలో ప్రపంచారోగ్యం: ఉద్దానం గీటురాయి మీద

విదేశీ విశ్వవిద్యాలయాలలో ఇరవై సంవత్సరాలకు పైగా ఒక కొత్త పాఠ్యవిషయం డిగ్రీ విద్యార్థులను ఆకర్షిస్తున్నది. దానికి వారు పెట్టిన పేరు "గ్లోబల్ హెల్త్". మనం ప్రపంచారోగ్యం అనుకొందాము. పూర్వం ఇటువంటి చదువు ఎక్కువగా వైద్యులు పట్టం పుచ్చుకొన్న తరువాత చదివే ప్రత్యేకవిద్య. 2003లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ అనే సంస్థ, డిగ్రీ చదివే విద్యార్థులందరికీ ప్రజారోగ్య పాఠాలు అందుబాటులో ఉండవలెనని సూచించినది. తరువాత ఆ పాఠాలు వైద్యకళాశాలల గోడలు దాటి విస్తరించినవి.

మన దేశంలో ఎం.బి.బి.ఎస్. విద్యార్థులు చదివే "కమ్యూనిటీ మెడిసిన్"ను మినహాయిస్తే, ప్రజారోగ్య విద్య చాలావరకు డిగ్రీ తరువాతి మెట్టు మీదనే ఉన్నది. అయినా మన ఉన్నత పాఠశాలల నుండి పై చదువులకు పోయే పిల్లలలో కొందరు ఈ దారి పట్టవచ్చును. అది ఎటువంటి చదువని వారు మొదట అడిగేది తమ సైన్సు మాష్టారినే. అందుచేత ఈ విషయాన్ని ఎట్లా బోధిస్తున్నారో, ఆ బోధనలో లోపం ఎక్కడ ఉన్నదో విచారించటం మంచిది. ఈ విచారణకు గీటురాయి శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం.

టెక్కలి దాటి ఉత్తరంగా పలాస చేరి, అక్కడినుండి ఇచ్ఛాపురం వరకు సముద్రం వైపు నడిస్తే కనబడేదంతా తోటలే. కొబ్బరి, జీడిమామిడి, పనస. ఉద్యానవనం అనే మాటే ఉద్దానమైనదంటారు. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి మండలాలలోని పల్లెలలో గత శతాబ్దం చివరినుండి ఒక మూత్రపిండ వ్యాధి ప్రబలి ఉన్నది. రోగికి మధుమేహం ఉండదు. మూత్రపిండాలలో రాళ్లు ఉండవు. ఒళ్లు వాపు కూడా మొదట కనబడదు. పొలం పనికి పోయే మనిషి నీరసంగా ఉన్నదని రక్తం పరీక్ష చేయించుకొంటే, అప్పటికే మూత్రపిండాల శక్తి సగానికి పైగా పోయి ఉంటుంది. తెలుగు వైద్యుడు టి. రవిరాజు, సహపరిశోధకులు కలిసి 2019లో ప్రకటించిన పరిశోధనలో 2,210 మందిని పరీక్షించగా నూటికి పద్ధెనిమిది మందికి దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఉన్నట్లు తేలినది. 2020లో వెలువడిన మరొక పరిశోధనలో, యాదృచ్ఛికంగా ఎన్నుకొన్న సుమారు 2,400 మందిలో నూటికి ఇరవై ఒకరికి ఉన్నది. రెండు లెక్కలూ దగ్గర దగ్గరగా ఉండటం గమనించండి. కారణం మాత్రం ఇంతవరకు నిర్ధారణ కాలేదు.

ముందుగా ఈ శాస్త్రానికి రావలసిన మెప్పు ఇవ్వవలెను. సోంపేట ఆసుపత్రిలో రోగుల చిట్టా ఎన్నిసార్లు తిరగవేసినా కనబడని సంగతి ఒకటి ఉన్నది: ఇటువంటి వ్యాధే శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలోని వరి రైతులలోను, నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశాలలో చెరకు నరికే కూలీలలోను ఉన్నది. ఎల్ సాల్వడార్ వైద్యులు దీనిని గురించి 2002లో వ్రాసినారు. మూడు చోట్లా మూత్రపిండంలో దెబ్బతినేది ఒకే భాగం. మూత్రపిండంలో సుమారు పది లక్షల నెఫ్రాన్లుంటవి. ఒక్కొక్క నెఫ్రాన్‌కు తలమీద ఒక వడపోత గుత్తి, దాని వెంట ఒక సన్నని నాళిక. మధుమేహం మొదట గుత్తిని చెడగొడుతుంది. అందువల్ల మూత్రంలో ఆల్బుమిన్ కారుతుంది. ఈ వ్యాధిలో దెబ్బ తగిలేది ముఖ్యంగా నాళికలకు, వాటి నడుమ ఉన్న కణజాలానికి. కనుక ఆల్బుమిన్ అంతగా కారదు. మూత్రంలో కాగితపు ముక్క ముంచి చేసే చౌక పరీక్షకు వ్యాధి దొరకదు. దూరదేశాల పల్లెలను ఒక బల్లమీద పక్కపక్కన పరచి చూడటం ప్రపంచారోగ్యం చేసిన మేలు. ఒక జిల్లాకు పరిమితమైన వైద్యం ఆ పని చేయలేదు.

లోపం దాని తరువాతి అడుగులో ఉన్నది. పక్కపక్కన పరచినవాటికి వెంటనే ఒక ఉమ్మడి పేరు పెట్టి, విద్యార్థి చేత ఆ పేరును వల్లె వేయిస్తారు. "కారణం తెలియని దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి" అనేది ఆ పేరు. దాని కింద ఎండవేడి, పురుగుమందులు, భారలోహాలు, నీటిలో సిలికా, నొప్పి మాత్రలు అంటూ ఒక పట్టిక. విద్యార్థి పట్టిక వ్రాసి మార్కులు తెచ్చుకొంటాడు. మధ్య అమెరికాలో రోగులలో అత్యధికులు చెరకు తోటలలో మండుటెండలో పనిచేసే పురుషులు. ఉద్దానంలో స్త్రీలు కూడా తక్కువేమీ కాదు, నేల కొబ్బరినీడ నేల. ఈ భేదాన్ని అడిగే ప్రశ్న ప్రశ్నపత్రంలో ఉండవలెను. ఎండవేడి కారణమైతే నీడలో ఎందుకు? నీరు కారణమైతే ఒకే బావి నీరు తాగే ఇంటిలో ఒకరికి వచ్చి ఒకరికి రాకపోవటం ఎట్లా? 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఈ తోటలను విస్తారంగా కూల్చివేసినది. నీడ పోయిన నేలలో పని చేసేవారి శరీరాలకు ఏమైనదో విచారించటం డిగ్రీ విద్యార్థి ప్రాజెక్టుకు తగిన విషయం కాదా?

ఈ పాఠాలలో తరచు ముందుగా చెప్పే కథ జాన్ స్నోది. 1854లో లండన్‌లో కలరా చావులను విచారించి, ఒక పంపు మీద అనుమానం నిలిపి, దాని పిడి తీయించినాడు. గొప్ప కథే. కాని దానితో మొదలుపెట్టిన విద్యార్థి ప్రతి వ్యాధికీ ఒక పంపు పిడి ఉంటుందని నమ్ముతాడు. మన తెలుగునాట ఆ నమ్మకానికి ఇంకా బలం ఉన్నది. 1937లో అప్పటి మద్రాసు రాష్ట్రపు వైద్యులు మన ప్రాంతపు పల్లెలలో ఎముకలు బిగుసుకొని వంగిపోయే వ్యాధిని వర్ణించి, దోషం బావినీటిలోని ఫ్లోరైడ్‌దని చెప్పగలిగినారు. ఉద్దానంలో అటువంటి ఒక్క దోషి ఇంతవరకు పట్టుబడలేదు.

నేనైతే స్నో కథ బదులు డాన్యూబ్ కథతో మొదలుపెడతాను. బాల్కన్ దేశాలలో డాన్యూబ్ ఉపనదుల ఒడ్డు పల్లెలలో ఇటువంటి మూత్రపిండ వ్యాధి ఉన్నట్లు 1950ల మధ్యలో వైద్యులు వ్రాసినారు. నీటిని, లోహాలను, బూజును, వంశాన్ని వరుసగా అనుమానించినారు. 1993లో సంబంధం లేనట్లు కనబడే ఒక వార్త బెల్జియం నుండి వచ్చినది: సన్నబడటానికి ఒక చికిత్సాలయంలో మూలికల మందు మింగిన స్త్రీలకు మూత్రపిండాలు చెడినవి. ఆ మందులో అరిస్టొలోకియా జాతి మొక్క కలిసినది. బాల్కన్ గోధుమ చేలలో కలుపుగా పెరిగేది అదే జాతి మొక్క! దాని గింజలు గోధుమలతో కలిసి పిండిలో చేరి, రొట్టెలో చేరినవి. ఈ సంగతికి గట్టి రుజువు 2007 నాటికి గాని రాలేదు. వ్యాధిని వర్ణించినప్పటినుండి అర్ధశతాబ్దం. ఆ నడుమ తప్పుదారి పట్టిన వారిని కూడా పాఠంలో చేర్చవలెను. ఎక్కువ పరిశోధన జరిగేది ఆ దారులలోనే గదా.

ఇక అంకెల సంగతి. ఈ చదువులోని పెద్ద బలహీనత ఇక్కడే ఉన్నదని నా అభిప్రాయం. విద్యార్థి శాతాలు చదువుతాడు. శాతం పుట్టిన విధం చదవడు. మూత్రపిండాల శక్తిని పల్లెలో ఎవరూ తిన్నగా కొలవరు. రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థపదార్థం ఎంత ఉన్నదో కొలిచి, వయస్సు, స్త్రీపురుష భేదం కలిపి ఒక సూత్రంలో వేసి, నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల రక్తద్రవం వడపోత అవుతున్నదో అంచనా కడతారు. ఆ అంచనా 60కి తగ్గి, మూడు నెలలకు పైగా అట్లాగే ఉంటే దీర్ఘవ్యాధి అంటారు. నలభై ఏండ్ల పురుషుని రక్తంలో డెసిలీటరుకు 1.45 మిల్లీగ్రాముల క్రియాటినిన్ ఉన్నదనుకొందాము. 2009లో అమెరికాలో తయారైన సూత్రం ప్రకారం అతని అంచనా 59.8; అతడు రోగి. అదే సూత్రాన్ని 2021లో సవరించినారు. దాని ప్రకారం 62.5, అతడు రోగి కాడు. రక్తం ఒకటే, మనిషి ఒకడే. పదకొండో తరగతి లెక్కలు వచ్చిన విద్యార్థి ఈ గుణకారం తానే చేసి చూడవచ్చును.

చిక్కు అంతటితో తీరదు. క్రియాటినిన్ పుట్టేది కండరాలలో. అమెరికా జనాన్ని చూసి కట్టిన సూత్రంలో, మాంసం అరుదుగా తినే, బక్కపలచని ఉద్దానం కూలీని వేస్తే అతనిలో మొదటనే క్రియాటినిన్ తక్కువ కనుక, చెడిన మూత్రపిండం కూడా బాగున్నట్లు కనబడవచ్చును. అదే కూలీని మధ్యాహ్నం ఎండలో పని దిగగానే, దాహంతో ఉన్నప్పుడు పరీక్షిస్తే తాత్కాలికంగా క్రియాటినిన్ పెరిగి, లేని వ్యాధి ఉన్నట్లు కనబడవచ్చును. ఒక్కసారి రక్తం తీసి వెళ్లిపోయే సర్వేకు ఈ రెండు పొరపాట్లూ తెలియవు. ఇంకొక సంగతి: కారణం తెలియని వ్యాధి అనటానికి మధుమేహం, రక్తపుపోటు ఉన్నవారిని లెక్కనుండి తీసివేయటం వాడుక. కాని చెడిన మూత్రపిండమే రక్తపుపోటును పెంచుతుంది. పోటు ఉన్నదని తీసివేసినవారిలో అసలు రోగులు ఎందరు పోతున్నారు? ప్రపంచపటం మీద రంగులు వేయటం నేర్పేముందు ఈ ప్రశ్న నేర్పవలెను.

కొన్ని వారాల క్షేత్రపర్యటనను గురించి కూడా ఒక మాట. ఈ చదువులో అది గొప్ప ఆకర్షణ. ఒక వేసవిలో బీదదేశపు పల్లె చూచి, నోటుపుస్తకం నింపి, తిరిగిపోయి వ్యాసం వ్రాస్తారు. ఉద్దానం ప్రజలు ఎన్నో బృందాలకు రక్తం ఇచ్చినారు. రక్తం ఇచ్చిన మనిషికి తన అంకె ఏమిటో తన భాషలో చెప్పే బాధ్యత ఎవరిది? ఆ మాట చెప్పకుండా చేసిన సర్వే శాస్త్రదృష్టితో కూడా అసంపూర్ణమే; ఎందుకంటే మూడు నెలల తరువాత రెండవ పరీక్షకు ఆ మనిషి మళ్లీ రావలసి ఉన్నది, విసిగిన మనిషి రాడు.

మన ఇంటి సంగతి ఇంతకంటె మెరుగని చెప్పలేము. వైద్యవిద్యార్థి కొన్ని కుటుంబాలను దత్తత తీసుకొని ఏండ్ల తరబడి వారి ఆరోగ్యం గమనించే ఏర్పాటు 2022లో మొదలైనది. ఆలోచన మంచిది, ఈ వ్యాధి కూడా ఏండ్ల తరబడి గమనించవలసినదే. ఇటువంటి ప్రాంతాల కుటుంబాలకు బరువు, రక్తపుపోటు వ్రాసుకోవటంతో సరిపెట్టక, సంవత్సరానికొకసారి క్రియాటినిన్ కూడా చేర్చితే, ఏ సర్వే ఇవ్వలేని వరుస లెక్క చేతికి వస్తుంది.

2023 డిసెంబరు 14న పలాసలో రెండువందల పడకల మూత్రపిండ ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం ప్రారంభమైనవి. డయాలిసిస్‌కు వారానికి రెండు మూడు సార్లు, ఒక్కొక్కసారి నాలుగు గంటలు మంచానికి అంటిపెట్టుకొనే మనిషికి, దాని కోసం నూటయాభై కిలోమీటర్లకు పైగా ఉన్న విశాఖపట్నం పోనక్కరలేకపోవటం ఎంత మేలో వేరే చెప్పనక్కరలేదు. అదే రోజున హిరమండలం జలాశయం నుండి ఈ పల్లెలకు తాగునీరు తెచ్చే పథకం కూడా ప్రారంభమైనది. భూగర్భజలమే దోషి అని రుజువు కాకుండానే నీరు మార్చినారు. అది సరైన పనే, మంచినీరు ఎట్లాగూ అవసరం. కాని విద్యార్థికి ఇక్కడొక అరుదైన అవకాశం ఉన్నది. ఏ పల్లెకు ఏ నెలలో కొత్త నీరు చేరినది, ఎవరు ఇంకా బావినీరే తాగుతున్నారు అన్న సంగతి ఊరివారికి తెలుసును. మందసలోనో కవిటిలోనో ఉన్న ఉన్నత పాఠశాల పిల్లలు కూడా దానిని తేదీలతో వ్రాసి ఉంచగలరు. పదేండ్లప్పుడు కొత్త నీటికి మారిన పిల్లవాడు ముప్ఫై ఏండ్ల వాడయ్యేది ఇరవై సంవత్సరాల తరువాత. అప్పుడు పరిశోధకులు అడిగే మొదటి ప్రశ్న ఈ తేదీలను గురించే.