కథ దాచే పనితనం

గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ కుటుంబాలు తాము బెనె ఎఫ్రాయిం యూదులమంటాయి. ఆ వంశకథను వారి నాయకుల్లో ఒకరైన షమ్యూల్ యాకోబి 2002లో పుస్తకంగా అచ్చు వేయించారు. ఇజ్రాయెల్ నుంచి వచ్చామన్నదానికి శాసనమేదీ లేదు కదా, ఆ కథను భద్రంగా దాచడమెందుకని అడగొచ్చు. నిజమే. అయితే మాదిగల కోసం శాసనం చెక్కించిన రాజెవరు? పాలమూరు సీమలోనూ ఆ లోటు తీర్చింది మాదిగల కులపురాణమైన జాంబపురాణం చెప్పే డక్కలి కథకులే. 2022లో పద్మశ్రీ అందుకున్న కిన్నెర మొగులయ్య ఆ కులంవారే, నాగర్‌కర్నూల్ జిల్లావాసి.

అలాగని విన్నదల్లా రుజువని రాసేస్తే పనితనం చెడుతుంది. ఎవరు చెప్పారు, ఎప్పటినుంచి చెబుతున్నారు అన్నవి కథతోపాటే దాచాలి. కొత్తరెడ్డిపాలెం కుటుంబాలు 1980ల చివర్లో యూదాచారాలు బాహాటంగా చేపట్టాయి, అంతకుముందు బాప్టిస్టులు. ఇబ్బందిగా ఉందని ఈ ముక్క కొట్టేస్తే (కొట్టేయాలనే అనిపిస్తుంది) పోయేది అసలు చరిత్రే.