గడ్డం పెంచమన్న ఉత్తరం

అమెరికా స్కూళ్లలో ఫిబ్రవరి వచ్చిందంటే అధ్యక్షుల పాఠాలు మొదలవుతాయి. ఆ నెల మూడో సోమవారం ప్రెసిడెంట్స్ డే. వాషింగ్టన్ మొదలు ఇప్పటిదాకా పేర్లన్నీ వరసగా పాట కట్టి పాడించడం, నల్ల కాగితంతో లింకన్ టోపీ చేయించడం మామూలే. అక్కడ పిల్లల్ని చదివించుకుంటున్న మన తెలుగువాళ్లకు ఆ టోపీలు బాగా పరిచయం. అవీ ఉండాల్సిందే. కానీ అధ్యక్షుడికీ ఓటరుకీ మధ్య ఏం నడుస్తుందో పిల్లలకు పట్టుబడాలంటే, 1860లో గ్రేస్ బెడెల్ అనే పదకొండేళ్ల అమ్మాయి లింకన్‌కు రాసిన ఉత్తరం మీద అల్లిన పాఠాన్ని మించింది నాకు కనబడలేదు.

ఎందరో టీచర్లు ఎన్నో రకాలుగా చెప్పే పాఠమే ఇది. బాగా చెప్పినప్పుడు దాని అందమంతా ఏ కాగితం ఎప్పుడు బయటికి తియ్యాలన్న వరసలో ఉంటుంది.

ముందు ఉత్తరం నకలు చేతికిస్తారు. టైపు చేసింది కాదు, ఆ అమ్మాయి చేతిరాతే. పాత పత్రాలు చదివించడానికి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ టీచర్లకు చెప్పే మూడు మెట్లు ఇక్కడ చక్కగా అమరుతాయి: చూడు, ఆలోచించు, అడుగు. చూడమంటే పిల్లల కళ్లు చిన్న చిన్న సంగతుల మీదికే పోతాయి. చుక్కలూ కామాలూ సరిగా లేవు. తొమ్మిది వారాల చెల్లెలి ముచ్చట మధ్యలో దూరింది. మీకు నా అంత కూతుళ్లుంటే, మీకు తీరికలేకపోతే వాళ్ల చేతైనా జవాబు రాయించమని అడిగింది. రాసింది తమలాంటి పిల్లేనని నమ్మకం కుదిరాక అసలు సంగతికొస్తారు. మీ మొహం బాగా పీలగా ఉంది, గడ్డం పెంచితే బాగుంటారు. ఆడవాళ్లకు గడ్డమంటే ఇష్టం, మీకే ఓటెయ్యమని మొగుళ్లను సతాయిస్తారు. మా నలుగురు అన్నదమ్ముల్లో కొందరు ఎలాగూ మీకే వేస్తారు, గడ్డం పెంచితే మిగతావాళ్లనీ ఒప్పిస్తాను. ఇదీ ఆమె బేరం.

మొగుళ్లను సతాయించడమెందుకు, వాళ్లే వెయ్యొచ్చుగా? క్లాసులో ఎవరో ఒకరు ఈ మాట అనేదాకా టీచరు నోరు విప్పకూడదు. నా దృష్టిలో పాఠం మొత్తానికి ఆయువుపట్టు ఇదే. అప్పట్లో ఆడవాళ్లకు ఓటు లేదని ముందే బోర్డు మీద రాసేస్తే అదొక నోట్సు అవుతుంది. ప్రశ్న పిల్లల్లోంచే పుడితే, జవాబు వాళ్లే తవ్వుకుంటారు.

తర్వాత, మీరే లింకన్ అయితే ఏం రాస్తారో రాయమంటారు. తప్పకుండా పెంచుతానని చాలామంది పిల్లలు మాటిచ్చేస్తారు. అప్పుడు అసలు జవాబు బయటికొస్తుంది. తనకు కూతుళ్లు లేరనీ, 17, 9, 7 ఏళ్ల ముగ్గురు కొడుకులనీ లింకన్ చెప్పాడు. గడ్డం మాటకొస్తే, ఇన్నాళ్లూ లేనిది ఇప్పుడు పెంచితే జనం వెర్రి వేషమనుకోరా అని ఎదురడిగాడు. మాట మాత్రం ఇవ్వలేదు. ఎన్నికల ముందు నాయకుడు ఎంత ఆచితూచి రాస్తాడో, తాము రాసిన కాగితం పక్కన ఇది పెట్టుకుంటే పిల్లలకు తెలిసిపోతుంది.

ఆ తర్వాత తేదీల చీటీలు. అక్టోబరు 15న ఉత్తరం, 19న జవాబు, నవంబరు 6న ఎన్నిక. నవంబరు 25న షికాగోలో తీసిన ఫొటోలో గడ్డం అప్పుడప్పుడే వస్తోంది. చీటీలు వరసలో పెట్టగానే ఓట్ల కోసమే పెంచాడన్న ఊహ నిలబడదు. మరెందుకు పెంచినట్టు? 1861 ఫిబ్రవరి 16న వాషింగ్టన్ వెళ్తున్న రైలు న్యూయార్క్ రాష్ట్రంలో వాళ్ల ఊరు వెస్ట్‌ఫీల్డ్‌లో ఆగినప్పుడు, లింకన్ ఆ అమ్మాయిని పేరు పెట్టి పిలిపించుకున్నాడు. ఆమె సలహా ఆయన మీద పనిచేసిందనడానికి ఇది సాక్ష్యమా, మర్యాదకు చేసిన పనా అని వాదించుకోమంటారు. తీర్పు టీచరు చెప్పదు.

చివర ఒక లెక్క ఇస్తే ఇంకా బాగుంటుంది. గ్రేస్ పెళ్లయ్యాక కాన్సస్‌లో స్థిరపడింది. ఆ రాష్ట్రం ఆడవాళ్లకు పూర్తి ఓటు హక్కు ఇచ్చింది 1912 నవంబరులో. అధ్యక్ష ఎన్నికలో ఆమె ఓటేయడానికి వీలైన మొదటి సంవత్సరం ఏది, అప్పటికి ఆమెకెన్నేళ్లు అని అడగాలి. పుట్టింది 1848 నవంబరు 4న. పిల్లలు వేళ్లు మడిచి 1916 అంటారు, 68 ఏళ్లంటారు.