హద్దులెరుగని వేడి

అమెరికాలోని ఐల్ రాయల్ ద్వీపము జాతీయవనము. 1976లో దీని భూమిలో సుమారు 99 శాతము 1964 నాటి అరణ్యచట్టము క్రిందికి వచ్చినది. అరణ్యము మానవుని అదుపునకు లోబడరాదని ఆ చట్టము చెప్పును. సహజస్థితిని కాపాడవలెననియు చెప్పును. ఈ రెండును ఎల్లపుడు పొసగునా?

1940 దశకము చివర సుపీరియర్ సరస్సు గడ్డకట్టినపుడు తోడేళ్లు మంచుమీదుగా అచటికి చేరినవి. శీతకాలములు వేడెక్కి ఆ దారి అరుదైనది. 2018 ఆరంభమున మిగిలినవి రెండే, అవియు తండ్రీకూతుళ్లు. మూస్ దుప్పులు పెరిగి మొక్కలను మేసివేసినవి. 2018-19లో అధికారులు 19 తోడేళ్లను తెచ్చి విడిచిరి.

ఇది చట్టవిరుద్ధమని కొందరు వాదించిరి. గాలిని వేడిచేసిన మానవుడు అంతకుముందే అడవిని తాకినాడు గదా! ఊరకున్నచో ఆ తాకిడియే సాగును. తోడేళ్లను తెచ్చుట సరియే. కాని మంచు కట్టనిచో మరల మరల తేవలసియుండును. చట్టము అడవికి హద్దురాళ్లు పాతినది. వేడి వాని నెరుగదు.