విశాఖ పునాదుల కింద నూరు కోట్ల ఏళ్లు

విశాఖపట్నానికి సముద్రం ఎంత గుర్తో కొండలూ అంతే. కైలాసగిరి, సింహాచలం, యారాడ కొండలన్నీ తూర్పు కనుమల భాగాలే. వీటిలో ఎక్కువగా కనిపించే రాయి ఖోండలైట్. 1902లో భూవిజ్ఞాని టి.ఎల్. వాకర్ ఒడిశాలోని కలహండి ప్రాంతపు రాళ్లను వర్ణిస్తూ అక్కడి ఖోండు తెగ పేరు దీనికి పెట్టాడు. ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న బురద, ఇసుక భూమి లోపలికి ఇరవై కిలోమీటర్లకు మించి దిగి, 800 డిగ్రీలు దాటిన వేడికి ఈ రాయిగా మారాయి. అది సుమారు 100 కోట్ల ఏళ్ల కిందటి మాట. ఖోండలైట్ పక్కనే చార్నకైట్, లెప్టినైట్ అనే రాళ్లు కూడా ఉంటాయి.

ఏ రాయి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో పటంలో గీయడం ఓపికతో నేర్చుకోవలసిన విద్య. టోపోషీటు (ఎత్తుపల్లాలు చూపే పటం), సుత్తి, వాలు కొలిచే దిక్సూచి, భూతద్దం, నోటుపుస్తకం దాని పనిముట్లు. ఇప్పుడు జీపీఎస్ తోడైంది.

ముందుగా సుత్తితో కొట్టి తాజా ముఖం చూడాలి. ఎండావానలకు ఏ రాయైనా పైకి మట్టిరంగులోనే కనిపిస్తుంది. పగిలిన ముఖంలో ఎర్రటి గార్నెట్ గింజలు, ఒకే దిక్కుకు ఒరిగిన సిల్లిమనైట్ సూదులు, వేలికి నల్లగా అంటుకునే గ్రాఫైట్ పొలుసులు ఉంటే అది ఖోండలైట్. చార్నకైట్ ముదురు రంగులో, నూనె రాసినట్టు మెరుస్తుంది. సందేహముంటే ముక్కను 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి, మైక్రోస్కోపు కింద అందులో చార్నకైట్‌ను పట్టిచ్చే హైపర్‌స్థీన్ అనే ఖనిజం ఉందేమో చూస్తారు.

తర్వాత రాతి పట్టీలు ఏ దిశగా సాగుతున్నాయో, ఎటు ఎన్ని డిగ్రీలు వాలుతున్నాయో కొలుస్తారు. తూర్పు కనుమల్లో ఆ దిశ మొత్తంమీద ఈశాన్యం నుంచి నైరుతికి. ఒకచోట ఆగ్నేయానికి ఉన్న వాలు కొంత దూరంలో వాయవ్యానికి తిరిగితే, మధ్యలో మడత ఉందేమోనని వెతుకుతారు.

నగరంలో అసలు చిక్కు, రాయి కంటికి దొరకకపోవడం. అందుకే పునాది గోతులు, రోడ్డు కోసం తొలిచిన గట్లు, పాత బావులు, బోరు నుంచి బయటపడే రాతిపొడి కూడా ఆధారాలే. కనిపించిన బండ అక్కడి నేలదేనా, లారీలో తెచ్చి పోసిందా అని నిర్ధారించుకున్నాకే పటంలోకి ఎక్కించాలి. కళ్లారా చూసిన సరిహద్దును నిండు గీతతోను, ఊహించినదాన్ని తెగిన గీతతోను గీస్తారు. తెలిసినదాన్నీ అనుకున్నదాన్నీ విడదీసి చూపే ఈ నిజాయితీ వల్లే పటాన్ని నమ్మగలం.

ఇది చదువుకే పరిమితమైన పని కాదు. ఖోండలైట్‌లోని ఫెల్డ్‌స్పార్ కాలక్రమంలో తెల్లటి బంకమట్టిగా మారి రాయి గుల్లబారుతుంది. అలాంటి చోట పట్టీల వాలు తొలిచిన గట్టు వైపే ఉంటే, పెద్ద వానకు చరియ జారే ప్రమాదం పెరుగుతుంది. గట్టి చార్నకైట్ పునాదిని బాగా మోస్తుంది, కానీ నీరు పగుళ్లలో తప్ప నిలవదు. కొండవాలున ఇల్లు కట్టేవారికీ, బోరు వేసేవారికీ ఈ తేడా ముందే తెలియాలి.

కాంక్రీటు పడ్డాక ఆ గోతిలోని రాయిని మళ్లీ చూడలేం. అందుకే గొయ్యి తీసిన ప్రతిచోటా, కాంక్రీటు పోయకముందే రాయి రకం, వాలు, పగుళ్లు నమోదు చేయించడం భవన అనుమతుల్లో భాగం కావాలి. ఒక పూట పనితో చేతికొచ్చే ఆ వివరం పక్క స్థలంలో కట్టుకోబోయే కుటుంబానికి రక్షణ అవుతుంది.