ఉల్లి లారీల లెక్క

ఐదో తరగతి పిల్లలకు "మీకిష్టమైన అంశం మీద ప్రాజెక్టు చెయ్యండి" అని చెప్పి చూడండి. మర్నాటికి సగం మంది డైనోసార్లు తెస్తారు, సగం మంది సౌర కుటుంబం తెస్తారు. నెట్ సెంటర్లో రంగుల ప్రింట్లు తీయించి, చార్టుకు అతికించి, చుట్టూ మెరుపు కాగితం అంటిస్తే పని అయిపోయింది. అంటించేది నాన్న, అక్షరాలు దిద్దేది అక్క. చుట్ట చుట్టి బడికి మోసుకురావడం పిల్లాడి వంతు.

నేనూ చాలా ఏళ్లు ఆ చార్టులకే మార్కులు వేశాను. నిర్మాణాత్మక మూల్యాంకనంలో ప్రాజెక్టు పనికని ఒక గడి ఉంటుంది. అది నిండాలి కదా. తాడేపల్లిగూడెంలో పనిచేస్తుండగా ఒక పిల్లాడు నాకు ఆ అలవాటు మాన్పించాడు.

వాళ్ల నాన్న ఉల్లి మార్కెట్లో ముఠా కూలీ. ఏ అంశం తీసుకుంటావురా అంటే "మీరే చెప్పండి మాస్టారూ" అన్నాడు. నోటి దాకా వచ్చిన "నీటి చక్రం" మింగేసి, "పొద్దున్న బడికొస్తూ ఏం చూశావ్?" అని అడిగాను.

"ఉల్లి లారీలండి."

"ఎక్కడివి?"

"తెలీదండి."

"ఎలా తెలుసుకుంటావ్?"

బుర్ర గోక్కుని, "నంబరు చూస్తే తెలిసిపోద్దండి" అన్నాడు.

నా ప్రమేయం అంతవరకే. ఆదివారం నోటుపుస్తకం పట్టుకుని మార్కెట్‌కి వెళ్లాడు. ఎంహెచ్ అంటే మహారాష్ట్ర, కేఏ అంటే కర్ణాటక. అక్కడిదాకా బాగానే ఉంది. ఏపీ దగ్గర బండి ఆగింది. ఒకప్పుడు 21 అంటే కర్నూలు, 37 అంటే మన పశ్చిమ గోదావరి. 2019లో కొత్త బళ్లన్నిటికీ రాష్ట్రమంతా 39 ఒక్కటే చేసేశారు. కర్నూలు లారీకీ భీమవరం లారీకీ తేడా తెలియడం లేదని సోమవారం మొహం వేలాడేసుకుని వచ్చాడు. ఏం చెయ్యాలో చెప్పేద్దామని నాకు నాలుక పీకింది. ఈ పనిలో కష్టమంతా ఇక్కడే ఉంది, నోరు మూసుకుని కూర్చోవడంలో. మూడు రోజులకి వాడికే తట్టింది, డ్రైవర్లని అడగొచ్చని.

రెండో ఆదివారం ఇంకో దెబ్బ. ఎంహెచ్ నంబరున్న లారీలోంచి కర్నూలు ఉల్లి దిగింది. "లారీ ఊరు వేరు, ఉల్లి ఊరు వేరు మాస్టారండీ!" వాడు ఏడవడానికి సిద్ధంగా ఉన్నాడు. రెండు వారాల లెక్క గోదాట్లో కలిసినట్టే మరి. నాకు మాత్రం లోపల పండగ్గా ఉంది, పైకి కనబడనిస్తే బాగుండదని మొహం గంటు పెట్టుకున్నాను. ఇలాంటి దెబ్బ ఏ పాఠంలోనూ రాసి ఉండదు.

చివరికి గట్టెక్కించింది వాళ్ల నాన్న. ఏళ్ల తరబడి బస్తాలు మోసిన మనిషి, పాయ చేతిలోకి తీసుకుంటే ఏ ప్రాంతందో చెప్పేస్తాడట. కర్నూలు పాయలో చెమ్మ ఎక్కువ, నిలవుండదు. మహారాష్ట్ర నుంచి వచ్చే వేసవి పంట నెలల తరబడి ఆగుతుంది. పిల్లాడు ఇవన్నీ రాసుకుని కింద "చెప్పినవారు: మా నాన్న" అని వేశాడు. నెట్ సెంటర్ ప్రింట్ల మీద అలాంటి మాట నేనెప్పుడూ చూడలేదు.

ఆ తర్వాత ఏలూరు దగ్గర ఒక కొల్లేటి ఊరికి బదిలీ అయింది. అక్కడ ఒక పిల్ల "కొల్లేరు" అని అంశం రాసుకొచ్చింది. కొల్లేరంటే మాటలా? తమ్మిలేరు, బుడమేరు వచ్చి పడే సరస్సు, ఉప్పుటేరు మీదుగా సముద్రానికి దారి, 1999లో 308 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం, 2002లో రామ్‌సర్ గుర్తింపు, 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేయడం. పెద్దవాళ్లకే కొరుకుడు పడని సంగతి. నాలుగు రోజులు కూర్చుని తగ్గించుకుంటూ వచ్చాం. కొల్లేరు, కొల్లేటి పిట్టలు, గూడబాతులు, చివరికి ఆటపాకలో గూడబాతులు చెట్ల మీద కాకుండా ఇనుప స్టాండ్ల మీద గూళ్లెందుకు పెడతాయి అన్న ఒక్క ప్రశ్న. కైకలూరులో మేనత్త ఉంది కాబట్టి ఆటపాక వెళ్లి చూసి రాగలదు. చూసొచ్చాక నానమ్మని అడిగింది. ఆవిడ చిన్నప్పుడు ఊళ్లో చెట్ల మీదే పెట్టేవట, ఆ కంపుకి అన్నం సయించేది కాదట.

ఆ మాటలు పుస్తకంలోకి ఎక్కాకే నేను కె.కె. నీలకంఠన్ సంగతి చెప్పాను. ఇందుచూడన్ పేరుతో మలయాళంలో పక్షుల పుస్తకం రాసిన ఇంగ్లీషు మాస్టారాయన. మన కొల్లేటి సీమలో దాదాపు 3,000 గూడబాతులు గూళ్లు పెట్టిన చోటు గురించి 1949లో బొంబాయి సహజ చరిత్ర సంఘం పత్రికలో రాశారు. 1975 ప్రాంతానికి ఆ గూళ్లు ఖాళీ అయిపోయాయి. ఇది ముందే చెప్పేస్తే నానమ్మ మాట పిల్లకి చిన్నదైపోయేది. వరస ముఖ్యం. ఈ విషయంలో నేను మొండివాణ్ణి.

పదేళ్లు నిండిన పిల్లలకి జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ ఉంది, 1993 నుంచి జరుగుతోంది. చుట్టుపక్కల సమస్యే తీసుకోమంటారు, మంచిదే. కాకపోతే సమస్య అనగానే మా మాస్టర్లం పూనకం వచ్చినట్టు "అవగాహన కల్పించాలి, అరికట్టాలి" అని పిల్లల చేత రాయిస్తాం. పదేళ్ల పిల్లకి ముందు ఒక సందేహం ఉంటే చాలు, సమస్యలు తర్వాత ఎలాగూ వస్తాయి.

ఉల్లి పిల్లాడి చార్టు సంగతి చెప్పలేదు. ప్రింట్లు లేవు, మెరుపు కాగితం లేదు. స్కేలుతో గీసిన పట్టిక, చివర్లో "తెలీదు" అని ఒక నిలువు గడి, అందులో మూడు లారీలు. తనిఖీకి వచ్చిన పెద్దాయన ఒకరు ఆ గడి మీద వేలు పెట్టి, "ఇదేంట్రా, ప్రాజెక్టులో తెలీదని రాస్తారా?" అన్నారు.

పిల్లాడు చేతులు కట్టుకుని, "మూడుసార్లు వెళ్లానండి. డ్రైవర్లు నిద్రపోతున్నారండి" అన్నాడు.