ఇజ్జత్, మగతనం, మహమ్మారి: గాయత్రీరెడ్డి అధ్యయనం - ఒక పరిశీలన

హైదరాబాద్, సికింద్రాబాద్‌లలోని హిజ్రాలపై గాయత్రీరెడ్డి చేసిన మానవశాస్త్ర అధ్యయనం ‘విత్ రెస్పెక్ట్ టు సెక్స్’ 2005లో షికాగో విశ్వవిద్యాలయ ప్రచురణగా వెలువడింది. శీర్షికలోని ‘రెస్పెక్ట్’కు ‘విషయంలో’ అనీ, ‘గౌరవం’ అనీ రెండర్థాలు. గ్రంథవాదం రెండో అర్థంపై నిలిచింది. హిజ్రా అస్తిత్వాన్ని లైంగికత ఒక్కటే నిర్ణయించదు. మతం, బంధుత్వం, వృత్తి, వర్గం కూడా నిర్ణయిస్తాయి. వీటన్నిటినీ తూచే తక్కెడ ఇజ్జత్. బధాయి స్వీకరించి జీవించే హిజ్రాలు లైంగిక వృత్తిలోని హిజ్రాలకంటె అధిక మర్యాదను కోరడం ఇందుకు నిదర్శనం.

ఈ ప్రతిపాదన ఎయిడ్స్ నివారణ చర్చకు కీలకం. భారతదేశంలో హెచ్.ఐ.వి. 1986లో బయటపడింది. తరువాతి కార్యక్రమాలు ‘పురుషులతో లైంగిక సంబంధం గల పురుషులు’ అనే వర్గాన్ని స్థిరపరచాయి. ఆ పదబంధం చర్యను చెబుతుంది. వ్యక్తి తన్ను తాను ఏమనుకుంటాడో చెప్పదు. గాయత్రీరెడ్డి నమోదు చేసిన వర్గీకరణలో స్త్రీవర్తన గలవారు ‘కోతీ’లు, వారి దృష్టిలో మగవాడు ‘పంతీ’. కార్యక్రమం ఇద్దరినీ ఒకే గడిలో చేర్చింది. తన్ను కేవలం మగవాడిగా భావించే పంతీకి ఆ వర్గం పేరుతో వచ్చే హెచ్చరిక తనదిగా తోచే అవకాశం తక్కువ.

లెక్కించడానికి ఇక్కడ మరో చరిత్ర ఉంది. అనుమానితులైన హిజ్రాల పట్టికను నిర్వహించాలన్న 1329 ఫసలీ చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023లో గాని కొట్టివేయలేదు. పట్టికలో పేరు చేరడమంటే నిఘాలో చేరడమే అయిన నగరంలో ఆరోగ్య గణనను అనుమానించడం అజ్ఞానం కాదు.

తెలుగు విమర్శ దీనినుండి గ్రహించవలసింది పరిభాష విషయం. మనం వాడే ‘పురుషత్వం’ అన్న మాటలో పరువు ధ్వనించదు. వాడుకలోని ‘మగతనం’ దేహశక్తినీ, ధైర్యాన్నీ, సంతానసామర్థ్యాన్నీ కలుపుతుంది. ‘మగాడివైతే రా’ అన్న సవాలులో దేహమూ పరువూ విడదీయరానివి. ఆ భాషలో రోగాన్ని ఒప్పుకోవడం ఓటమిని ఒప్పుకోవడమవుతుంది.

అయితే ఈ గ్రంథ కేంద్రం హిజ్రాలు. పంతీ ప్రధానంగా వారి వర్గీకరణలోని పేరుగానే కనిపిస్తాడు. అధ్యయనస్థలం కూడా దక్కనీ ఉర్దూ వినిపించే నగరం. కోయలు, కొండరెడ్లు, మైదానంనుండి వచ్చిన రైతులు కలిసి జీవించే అశ్వారావుపేట వంటి అటవీ సరిహద్దుకు ‘ఇజ్జత్’ను యథాతథంగా తరలించలేం. తరలించదగినది పద్ధతి: మగవాని మర్యాదను అక్కడివారు ఏ మాటతో తూస్తారో ముందు వినడం, హెచ్చరికను ఆ తరువాత రాయడం.