ఉద్ధరణచిహ్నములు - 'అని' శబ్దము

తాళపత్రప్రతులలో ఉద్ధరణచిహ్నములు లేవు. ఒకరి ఉక్తి ముగిసినదని 'అని' శబ్దము తెలుపును. 'ఇట్లనియె' వంటిది ముందున్ననే తప్ప దాని ఆరంభము తేటపడదు. 'రాముడు నేడు వత్తునని చెప్పెను' అన్నచో, చెప్పుట నేడా, వచ్చుట నేడా? 'నేడు'కు ముందు చిహ్నముంచిన పరిష్కర్త అప్పుడే వ్యాఖ్యాత యైనాడు.

ముగింపుచిహ్నము మరింత చిక్కు. 'వత్తును', 'అని' అను పదములకు ఉత్వసంధి జరిగి మధ్య 'న' ఏర్పడినది. అందలి హల్లు రామునిది, అచ్చు కవిది! యూనికోడ్‌లో ఆ 'న' యొకే సంకేతము. దానిని చీల్చి చిహ్నమును నిలుపుటకు వీలులేదు. సంధిని విడదీసినచో పద్యమున గణము చెడును.

లేటెక్‌లో రెండు వెనుకవాలు గీతలతో మొదలిడి రెండు అపాస్ట్రఫీలతో ముగించినచో వంపుచిహ్నములు వచ్చును. జీలేటెక్‌లో తెలుగు ఖతిని వేరుగా ప్రకటించి, ఆ మార్పును కోరుట మరచినచో గీతలు గీతలుగానే అచ్చగును. అట్టి సిద్ధాంతవ్యాసములను మేము చూచియున్నాము. 1997 నాటి హెచ్.టి.ఎమ్.ఎల్. 4.0 'క్యూ' అను మూలకము నొసగినది; చిహ్నమును బ్రౌజరే చేర్చవలెను. రూపమును గాక ఉక్తిని గుర్తించు నీ పద్ధతియే మాకు సమ్మతము. కాని ఆ మూలకమును సైతము 'న' నడుమ మూయజాలము. అట్టిచోట 'అని'ని ఉక్తిలోపలనే చేర్చి, ఆ నిర్ణయమును పీఠికలో చెప్పుట పరిష్కర్తకు విధి.